ఆకుమూటలో చేప, కొత్తిమీర వెన్న

గ్రామ పంచాయతీ సభ్యులకు వంటతో ఏమి పని యని కొందరు ప్రశ్నింపవచ్చును. వీధిదీపములు, మంచినీటి కుళాయిలు, పన్నుల వసూలు ఇవి గదా వారి విధులు! కాని గ్రామములోని చెరువు పంచాయతీ అధీనమున ఉన్నపుడు, అందులో చేపలు పట్టు హక్కును పంచాయతీయే వేలము వేయుచున్నపుడు, లేక మత్స్యకారుల సహకార సంఘమునకు కౌలుకిచ్చుచున్నపుడు, ఆ చేప ఎట్లున్నదో సభ్యులు ఎరిగియుండుట న్యాయము. అది ఎరుగుటకు సులభమైన మార్గము దానిని వండి తినుటయే. అయితే పులుసు వండి తిన్నచో తెలియదు.

పులుసును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. వరదనీటితో గోదావరికి ఎదురెక్కి వచ్చు పులస వంటి చేపను పులుసుకే వదలుట మర్యాద. కాని చింతపండు, మిరపపొడి, ధనియాలు, మెంతులు, ఉల్లి, వెల్లుల్లి కలిసి మరిగినపుడు ఏ చేపయైనను రుచిగనే తోచును. నిన్నటి చేపను నేటిదిగా, మురుగునీటి చేపను మంచినీటి చేపగా భ్రమింపజేయు శక్తి పులుసునకు కలదు. వేపుడు సంగతియు అంతే. మసాలా లేకుండ ఆకులో చుట్టి కాల్చి, కొత్తిమీర నూరి కలిపిన వెన్నతో తిన్నపుడు మాత్రము చేప తన గుణమును దాచుకొనజాలదు. మంచి చేపయైనచో ఇంత కమ్మని భోజనము వేరొకటి లేదు. చెడ్డదైనచో మొదటి ముద్దలోనే బయటపడును.

ఈ పద్ధతి ఎక్కడనో ఒకచోట పుట్టినది కాదు. పార్సీలు చందువ చేపకు కొత్తిమీర, కొబ్బరి పచ్చడి పట్టించి అరటియాకులో ఉడికింతురు. బెంగాలీలు ఆవముద్దతోను, కేరళీయులు కరిమీనునకు మసాలా పట్టించియు ఆకులోనే వండుదురు. ఫ్రాన్సు దేశీయులు ఆకునకు బదులు కాగితములో చుట్టి పొయ్యిపెట్టెలో కాల్చుదురు. పార్స్లీ యను కొత్తిమీర వంటి ఆకును, నిమ్మరసమును వెన్నలో కలిపి, వేడి చేపపై ఉంచి తినుట వారి అలవాటు. మన డెల్టా ప్రాంతములలో అరటితోటలకు కొదువ లేదు, చేపలకును కొదువ లేదు. రెంటిని కలిపి వండువారు మాత్రము అరుదు.

ఇక చేపను ఎంచుకొనుట. బొచ్చె, శీలావతి, మోసు మన చెరువులలో విరివిగా పెరుగునవి. రుచికి లోటు లేదు గాని కండ నడుమ సన్నని ముళ్లు కలవు. వీటిని ఎంచుకొన్నచో రెండు కిలోలకు మించిన పెద్ద చేపను తీసికొని, నడిమి ముక్కలను మాత్రమే వాడవలెను. పెద్ద చేపలో ముళ్లు పెద్దవిగానుండి కంటికి కనబడును. పిల్లలకు, వృద్ధులకు పెట్టునపుడు కొర్రమీను, పండుగప్ప, కొన్నిచోట్ల జిలేబి చేప అనెడి తిలాపియా మేలైనవి. వీటి కండలో సన్నముళ్ల బెడద అంతగా లేదు. కొర్రమీను తెలంగాణ రాష్ట్రపు చేపగా గుర్తింపు పొందినది. పైగా అది గాలిని పీల్చి బ్రతుకగలది గావున సంతలో ప్రాణముతోనే దొరకును.

ప్రాణముతో దొరకని చేపకు పరీక్షలు కలవు. కన్ను ఉబ్బి తేటగా నుండవలెను. లోపలికి పోయి తెల్లబారినచో వదలివేయవలెను. మొప్ప ఎత్తి చూచినచో ఎర్రగా నుండవలెను. వ్రేలితో నొక్కిన చోటు వెంటనే పైకి రావలెను. వాసన నీటి వాసనగా నుండవలెను గాని ఘాటుగా నుండరాదు. మన ఎండలకు కిలో చేపకు కిలో మంచు అవసరము. చేపపై నాలుగు మంచుముక్కలు చల్లుట కంటితుడుపు మాత్రమే. 2018వ సంవత్సరము జూలై మాసమున ఫార్మలిన్ కలిపినారను అనుమానముతో అస్సాం ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్ మొదలగు రాష్ట్రముల చేపలను కొన్ని దినములు నిలిపివేసినది. చేపల ఉత్పత్తిలో దేశమున ప్రథమ స్థానమున ఉన్న రాష్ట్రమునకు అది చిన్న విషయము కాదు. తాను పెంచు చేప ఎట్టిదో తాను ముందుగా ఎరిగియున్న గ్రామము ఇట్టి అనుమానములకు ధైర్యముగా సమాధానము చెప్పగలదు.

ఐదుగురి భోజనమునకు కిలోంబావు చేప చాలును. పొలుసులు గీకి, మొప్పలు తీసి, పొట్ట కోయవలెను. లోపలి చేదుసంచి పగులనీయరాదు; పగిలినచో చేదంతయు కండకు పట్టును. వెన్నెముక వెంట అంటియుండు నల్లరక్తమును గోటితో గీకి కడుగవలెను. కొర్రమీనునకు జిగురు ఎక్కువ గావున ఉప్పు, బూడిద రాచి కడుగుట మన ఇండ్లలో తెలిసినదే. పిమ్మట తడి తుడిచి, ఇరుప్రక్కల ఏటవాలుగా మూడేసి గాట్లు పెట్టి, ఒకటిన్నర చెంచా ఉప్పు, చిటికెడు పసుపు, ఒక నిమ్మకాయ రసము పట్టించవలెను. పదిహేను నిమిషములు చాలును. ఎక్కువసేపు నానబెట్టినచో నిమ్మపులుపే కండను సగము ఉడికించి పిండిపిండిగా చేయును.

వెన్న సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. పెరుగు చిలికి తీసిన ఇంటి వెన్న దీనికి శ్రేష్ఠము. దాని కొద్దిపాటి పులుపు చేపకు చక్కగా నప్పును. నూరు గ్రాముల వెన్నలో గుప్పెడు కొత్తిమీర, పది పుదీనా ఆకులు, రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రేకలు సన్నగా తరిగి, అరచెంచా ఉప్పు, అరచెక్క నిమ్మరసము చేర్చి చేతితో మెదిపిన చాలును. దీనిలో సగము చేప పొట్టలోను, గాట్లలోను కూరవలెను. మిగిలిన సగమును చల్లని చోట దాచవలెను. ఎందుకనగా కొత్తిమీర వాసన వేడికి నిలువదు. ముందు వేసిన వెన్న కండను తడిగా నుంచుటకు, వెనుక వేయునది కమ్మని వాసనకు.

అరటియాకును ఈనె తీసి, సెగపై అటునిటు త్రిప్పి వాడ్చినచో మెత్తబడి చిరుగదు. రెండు మూడు పొరలుగా పరచి, చేపనుంచి, నాలుగు అంచులు లోనికి మడిచి అరటినారతో కట్టవలెను. గ్యాసు పొయ్యి కల ఇండ్లలో మందపాటి ఇనుప పెనముపై మూట పెట్టి, మూతవేసి, సన్నని సెగను నాలుగు సెంటీమీటర్ల మందముగల చేపకు ఒక్కొక్క ప్రక్క సుమారు పన్నెండు నిమిషములు ఉంచవలెను. కట్టెల పొయ్యి కలవారు వంట ముగిసిన పిమ్మట నిప్పులను ప్రక్కకు లాగి, వేడిబూడిదపై మూటనుంచి, పైన పలుచగా బూడిద, దానిపై నిప్పులు కప్పవచ్చును. వెలుపలి ఆకు మాడినను లోపలి ఆకు పచ్చగనే యుండును. ఆరిపోవు నిప్పుతోనే పని జరుగును గావున వేరు వంటచెరకు ఖర్చు లేదు.

లోపల జరుగునది ఇది. చేపలోని నీరు, వెన్నలోని నీరు ఆవిరియై ఆకు దాటి పోలేక చేపనే ఉడికించును. మేకమాంసములో కండలను పట్టియుంచు గట్టి నరములు ఎక్కువ. అవి మెత్తబడుటకు గంటలు పట్టును. చేపలో అవి కొద్ది, పైగా మెత్తనివి. కావున చేప త్వరగా ఉడుకును, త్వరగా చెడును. వెన్నెముక వద్ద వేడి 63 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరిన చాలును. అంతకు మిక్కిలి మించినచో కండ ముడుచుకొని తన నీటిని తానే పిండివేసి పీచువలె నగును. మన వంటలలో చేపకు జరుగు ప్రధానమైన అన్యాయము ఇదియే. ఉష్ణమాపకము లేనివారు వెన్నెముక ప్రక్క చీపురుపుల్ల గ్రుచ్చి చూడవచ్చును. కండ గాజువలె మెరయక పాలవలె తెల్లబారి, ముల్లునుండి పొరలుగా విడినచో దించవలెను. దించిన పిమ్మట ఐదు నిమిషములు మూట విప్పరాదు.

విప్పునపుడు ఆకులో నిలిచిన రసమును ఒలుకనీయక గిన్నెలోనికి వంచుకొనవలెను. అది గోరువెచ్చగా నున్నపుడు దాచిన వెన్నను కొద్దికొద్దిగా వేసి గరిటెతో గిలకొట్టినచో చిక్కని లేతపచ్చ రసమగును. దీనిని మరల పొయ్యిమీద పెట్టరాదు. వెన్న చూడగానే కాచి నెయ్యి చేయవలెనను బుద్ధి మనకు సహజము. ఇక్కడ ఆ బుద్ధిని అణచుకొనవలెను. కాగినచో వెన్న విరిగి నెయ్యి పైకి తేలును, ఆకుల పచ్చదనము నల్లబడును. ఈ రసమును చేపపై పోసి, వేడి అన్నముతో గాని జొన్నరొట్టెతో గాని వడ్డింపవచ్చును. ప్రక్కన ఉడికించిన చిక్కుడుకాయలో, దోసకాయ ముక్కలో ఉన్నచో భోజనము నిండును.

చేపతో పాలు, వెన్న కలిపి తిన్నచో బొల్లి వచ్చునని పల్లెలలో గట్టి నమ్మకము కలదు. ఈ వంటకు మొదట ఎదురగు అభ్యంతరము అదియే. బొల్లి అనునది దేహములోని రక్షణశక్తియే చర్మమునకు రంగునిచ్చు కణములపై తిరుగబడుటచే కలుగును. ఆహార సంయోగముచే కలుగునని వైద్యశాస్త్రము అంగీకరింపదు. చేపగాని పాలుగాని సరిపడనివారు మాత్రము ఆ వస్తువును మానవలెను. నమ్మకము వీడలేని పెద్దలకు వెన్న బదులు కొబ్బరిపాలు వాడి పెట్టిన వివాదము ఉండదు.

వడ్డించిన చేపలో బురదవాసన వచ్చినచో దోషము వండినవారిది కాదు. ఆ వాసనకు ముఖ్యకారణము జియోస్మిన్ అను పదార్థము. చెరువులోని నీలియాకుపచ్చ నాచు, కొన్ని సూక్ష్మజీవులు దీనిని పుట్టించును. అది చేప మొప్పలద్వారా లోనికి పోయి కొవ్వులో, చర్మములో, ముదురురంగు కండలో నిలుచును. చింతపండు, నిమ్మ మొదలగు పులుపులు దానిని విరుచును; పులుసు దానిని దాచుటలోని రహస్యము ఇదియే. నాచు ఊరకనే పెరుగదు. ఇండ్ల మురుగు, పశువుల పేడనీరు, పొలములనుండి కొట్టుకొనివచ్చు ఎరువు చెరువులో చేరినపుడు అది విజృంభించును. వంటవలన రోగక్రిములు నశించును గాని, మురుగుతోపాటు చేరిన విషపదార్థములు ఎంత కాల్చినను పోవు.

ఇక్కడ పంచాయతీకి పని కలదు. మురుగుకాలువ చెరువులో పడుచున్నచో దానిని మళ్లించుటయో, ఇంకుడుగుంటలకు చేర్చుటయో పంచాయతీ నిర్ణయముతోనే జరుగవలెను. కోళ్ల వ్యర్థములను చేపలకు మేతగా వేయుట ఆంధ్రప్రదేశ్‌లో నిషిద్ధము; కౌలు షరతులలో దానిని స్పష్టముగా వ్రాయించుట మంచిది. పట్టిన చేపలో కొంత గ్రామములోనే అమ్మవలెనని కూడ షరతు పెట్టవచ్చును. తెల్లవారకమునుపే లారీలు చేపనంతయు తీసికొనిపోగా, చెరువుగట్టుననే ఉన్న ఇండ్లవారు సంతలో వాడిన చేపను కొనుట చూచుచునే యున్నాము. నూరు గ్రాముల చేపలో పదహారు మొదలు ఇరువది గ్రాముల వరకు మాంసకృత్తులు కలవు. వాటి అవసరము గర్భిణులకు, బడిపిల్లలకు ఎంతో కలదు. చేపలు కోయుటకు గట్టుకు దూరముగా ఒక గచ్చుచప్టా, పొలుసులు, ప్రేవులు పూడ్చుటకు ఒక గుంట ఏర్పరచినచో ఆ వ్యర్థము మరల నీటిలో పడదు.

బురదవాసన గల చేపను వెంటనే పారవేయనక్కరలేదు. ప్రాణముతోనున్నచో తేటనీటి తొట్టిలో, మేత పెట్టక, కొన్ని దినములుంచినచో వాసన చాలవరకు తగ్గును. వేసవిలో నీరు తగ్గి నాచు పట్టినపుడు ఒకమారు, వానలకు చెరువు నిండి నీరు తేరిన పిమ్మట ఒకమారు అదే జాతి చేపను పై విధముగానే కాల్చి, సభ్యులందరు కలిసి రుచి చూచినచో రెంటికిగల భేదము నాలుకకే తెలియును. తదుపరి కౌలు వేలము ప్రకటించుటకు ముందు జరుగు సమావేశమున ఆ భేదమును చర్చకు పెట్టవచ్చును.