ఎక్స్‌రేలో ఏమీ లేదు, మరి నొప్పి ఎందుకు?

సంక్రాంతి కబడ్డీ పోటీలప్పుడూ, నూజివీడు తోటల్లో మామిడి కోతలప్పుడూ మేము తరచుగా వినే ప్రశ్న ఇది: "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కదా సిస్టర్‌గారూ, మళ్ళీ స్కానింగ్ ఎందుకు?"

ఎక్స్‌రే ముఖ్యంగా ఎముకను చూపిస్తుంది. కండరం చిరిగితే అందులో కనబడదు. "నరం పట్టేసింది" అని మనం అనుకునేది చాలాసార్లు కండరం చిరగడమే. అయినా ఎక్స్‌రే వృథా కాదు. ఎదిగే పిల్లల్లో కండరం లాగినప్పుడు అది అతుక్కున్న చోట ఎముక ముక్క ఊడిరావచ్చు. ఆ సంగతి ఎక్స్‌రేయే చెబుతుంది.

అల్ట్రాసౌండ్: గర్భిణులకు చేసే స్కానింగ్ వంటిదే. రేడియేషన్ ఉండదు, ఖర్చు తక్కువ. కాలు కదిలిస్తూ చిరుగునూ, గూడుకట్టిన రక్తాన్నీ చూడవచ్చు. చిన్న చిరుగులు దెబ్బ తగిలిన వెంటనే కంటే ఒకటి రెండు రోజులు గడిచాక స్పష్టంగా కనబడతాయి.

ఎం.ఆర్.ఐ.: ఇది అయస్కాంత శక్తితో పనిచేస్తుంది. లోతైన కండరాలనూ, వాటిని ఎముకకు కలిపే స్నాయువులనూ బాగా చూపిస్తుంది. ఒంట్లో పేస్‌మేకర్ గానీ, లోహపు ముక్కలు గానీ ఉంటే ముందే చెప్పాలి. ఇది అందరికీ అవసరం లేదు. స్వల్ప గాయాలను డాక్టరుగారు చేతితో పరీక్షించి చెప్పగలరు.

2021 జనవరి 11న సిడ్నీ టెస్టులో మన ఆంధ్ర ఆటగాడు హనుమ విహారి తొడ వెనుక కండరం గాయంతోనే 161 బంతులు ఎదుర్కొని, 23 పరుగులతో అజేయంగా నిలిచి మ్యాచ్ కాపాడాడు. అందరం మెచ్చుకున్నాం. కాని ఆ గాయంతో తరువాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. మన ఊరి కుర్రవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఈ రెండో సంగతి. నొప్పి ఇంజెక్షను చేయించుకుని మర్నాడే బరిలోకి దిగితే, సగం మానిన చిరుగు మరింత పెద్దదవుతుంది.

దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు:
* ఆట, పని ఆపాలి.
* గుడ్డలో చుట్టిన ఐసును 15 నిమిషాలు పెట్టాలి.
* క్రేప్ బ్యాండేజి కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి.
* నూనె మర్దన, వేడి కాపడం వద్దు. తొడలో గూడుకట్టిన రక్తాన్ని గట్టిగా రుద్దితే, కొందరికి అక్కడ ఎముకలాంటి గట్టి పదార్థం ఏర్పడుతుంది.

'టప్'మని శబ్దం వచ్చినా, అడుగు వేయలేకపోయినా, కండలో పల్లం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి రండి. వాపు బిగుసుకుని తిమ్మిరి, భరించలేని నొప్పి ఉంటే క్షణం ఆలస్యం చేయవద్దు.

స్కానింగ్ గాయం ఎంతో చెబుతుంది. మళ్ళీ ఎప్పుడు ఆడాలన్నది మాత్రం కాలి బలం చూసి డాక్టరుగారు చెప్పాలి. అంతవరకు ఓపిక పట్టండి.