రోటరీ ఇంజనును మచ్చిక చేయడం ఎలా?

కొత్త మోటారు సైకిలు కొన్నప్పుడు మెకానిక్కు చెప్పే మొదటి మాట విద్యార్థులకూ తల్లిదండ్రులకూ తెలిసినదే. మొదటి వెయ్యి కిలోమీటర్లు స్పీడు పెంచకండి, మొదటి సర్వీసుకే ఆయిలు మార్పించండి అంటాడు. దీనినే రన్నింగ్-ఇన్ అంటారు. మన ఇళ్ళలో కొత్త రుబ్బురోలు తెచ్చిన రోజే దోసెల పిండి రుబ్బరు గదా! ముందు తవుడు వేసి రెండు మూడు సార్లు రుబ్బి, రాతిపొడి పోయిన తరువాతనే పప్పు పోస్తారు. ఇంజనులో జరిగేదీ ఇంచుమించు ఇదే. కొత్తగా అమర్చిన భాగాలు ఒకదానితో ఒకటి రాసుకొని, ఒదిగే వరకు ఓపిక పట్టాలి.

బండి మధ్యలో ఆగితే రోడ్డు పక్కకు నెట్టుకుంటాము. ఒకే ఇంజనుతో ఎగిరే విమానానికి ఆ వీలు లేదు. పైగా విమానం నేల విడిచే సమయంలోనే ఇంజను పూర్తి శక్తి ఇవ్వాలి. మెల్లగా నడిపి అలవాటు చేద్దామంటే గాలిలో కుదరదు. కావున ఈ పనిలో ముఖ్యభాగం నేలమీదనే ముగియాలి.

అమెరికాలో షెడ్డులో తమ విమానం తామే కట్టుకునేవారు చాలామంది ఉన్నారు. వారి సంఘమైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1953లోనే ఏర్పడింది. మన దేశంలో ముంబయి పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ లభించిన వార్త మహారాష్ట్రలోని మన పాఠకులకు గుర్తుండవచ్చు. అమెరికా ఔత్సాహికులలో ఎక్కువమంది లైకమింగ్ వంటి పిస్టన్ ఇంజను వాడతారు. కొందరు మాత్రం మాజ్దా కార్లలోని 13బి రోటరీ ఇంజనును ఎంచుకుంటారు. దీనిలో వాల్వులు లేవు, కదిలే భాగాలు తక్కువ, కుదుపు తక్కువ.

మొదటి ప్రపంచయుద్ధపు విమానాలలోనూ రోటరీ ఇంజన్లు ఉండేవి, కాని అవి వేరు. వాటిలో సిలిండర్లన్నీ పంకాతో పాటు గిర్రున తిరిగేవి. వాటికి పోసే నూనె మన ఆముదమే!

ఇక్కడ చెబుతున్నది జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన ఇంజను. దాని తొలి నమూనా 1957లో నడిచింది. పిస్టన్‌కు బదులు ఉబ్బిన త్రికోణంలాంటి రోటరు ఉంటుంది. రోలులో పొత్రం తాను తిరుగుతూనే గోడ వెంబడి చుట్టి వచ్చినట్లు, ఈ రోటరు ఇంజను గూటిలో తిరుగుతుంది. రోటరు ఒక చుట్టు తిరిగేసరికి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. 13బిలో ఇలాంటి రోటర్లు రెండు. ఒక్కొక్కదానికి 654 సి.సి. చొప్పున మొత్తం 1308 సి.సి. త్రికోణం మూడు మూలల్లో మూడు సన్నని పట్టీలు ఉంటాయి. వీటిని ఎపెక్స్ సీళ్ళు అంటారు. మండే వాయువు ఒక గదిలో నుండి పక్క గదిలోకి జారకుండా ఆపేవి ఇవే. ఇంజను ప్రాణమంతా వీటిలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు. మాజ్దా ఇంజనీర్లు మొదట తయారుచేసిన ఇంజన్లలో ఈ సీళ్ళు అదిరి, గూటి లోపలి గోడను అలలు అలలుగా గీకేవి. ఆ గీతలకు వారు దయ్యపు గోళ్ళు అని పేరు పెట్టారు. అవి పోగొట్టిన తరువాతనే 1967లో కాస్మో స్పోర్ట్ కారు మార్కెట్టుకు వచ్చింది.

పుస్తకాలు తిరగేసే విద్యార్థికి ఇక్కడే చిక్కు వస్తుంది. విమానపు పిస్టన్ ఇంజనుకు మొదటి గంటల్లోనే మూడు వంతుల శక్తి దాకా ఇచ్చి నడపమంటారు. రోటరీ బాగుచేసేవారు మెల్లగా మొదలుపెట్టమంటారు. రెండూ నిజమే. పిస్టన్ రింగులను సిలిండరు గోడకు అదిమేది మంట ఒత్తిడే. ఆ ఒత్తిడి చాలకపోతే గోడ మీది సన్నని గరుకు అరగక, నూనె మాడి గాజులా నున్నగా పేరుకుపోతుంది. ఇక రింగులు కూర్చోవు. రోటరీలో గోడకు గట్టి క్రోమియం పూత ఉంటుంది. సీలు అంచు ఆ గోడ వంపుకు తగినట్లు అరగాలి. నూనె చాలక, వేడి పెరిగితే పూత, సీలు రెండూ పాడవుతాయి. ఆర్‌ఎక్స్-8 కారు తయారీ 2012లోనే ఆగింది. కనుక నేటి ఔత్సాహికులకు దొరికేవి ఎక్కువగా బాగుచేసిన పాత ఇంజన్లే. పాత గోడకు కొత్త సీలు ఒదగాలంటే మరింత సమయం పడుతుంది.

మొదట స్పార్కు లేకుండా స్టార్టరుతో తిప్పి, ఆయిలు ప్రెషరు వచ్చిందని చూసుకోవాలి. పెట్రోలులో లీటరుకు సుమారు 8 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిలు కలపడం చాలామంది అలవాటు. ఇంజను వేడెక్కాక వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచి, దించి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. పంకా ఇందుకు చక్కగా సహకరిస్తుంది. దాని వేగం సగమైతే ఇంజను మీద భారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆరువేల చుట్లు తిరగగల ఇంజను మూడువేల వద్ద సుఖంగా ఉండేది అందుకే. అయితే నిలబడిన విమానంలో రేడియేటరుకు గాలి చాలదు. వేడి ముల్లు చూస్తూ కొద్ది నిమిషాలకే ఆపవలసి ఉంటుంది. ఎక్కువ శక్తి వద్ద పెట్రోలు పాలు తగ్గించరాదు. అకాల విస్ఫోటం ఒక్కసారి జరిగినా సీలు విరగవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. తిరిగే పంకా కంటికి కనబడదు. తోకను గట్టిగా కట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, పిల్లలను దూరంగా ఉంచిన తరువాతనే స్టార్టు చేయాలి. మంటలార్పే సిలిండరు చేతికి అందే చోట ఉండాలి.

కొన్ని గంటల తరువాత ఆయిలు మార్చి, పాత ఫిల్టరును కోసి మడతల్లో లోహపు పొలుకులు ఉన్నాయేమో వెదకాలి. ఆ పైన కంప్రెషను పరీక్ష. రోటరుకు మూడు ముఖాలు, మూడూ ఒకే ప్లగ్గు రంధ్రం ముందు నుండి పోతాయి. మామూలు గేజి అన్నిటికంటే పెద్ద అంకెనే పట్టి చూపి, బలహీనమైన ముఖాన్ని దాచేస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ గేజి కావాలి. మూడు అంకెలూ దగ్గరగా ఉండి, ప్రతి పరీక్షకూ పెరుగుతూ వచ్చి ఒకచోట నిలిస్తే సీళ్ళు కూర్చున్నట్లు. ఒకటి వెనుకబడితే విమానం షెడ్డులోనే ఉండాలి, తేదీ ఎంత ఖరారైనా సరే.

అన్నీ కుదిరి గాలిలోకి లేచినా పని ముగియదు. ఇంజను, పంకా జోడీకి అధికార ధ్రువీకరణ లేకపోతే అమెరికాలో సాధారణంగా 40 గంటలు, ఉంటే 25 గంటలు పరీక్షగా ఎగరాలి. గంటలకు బదులు నిర్ణీత పరీక్షలన్నీ పూర్తిచేసే పద్ధతికీ ఇప్పుడు అనుమతి ఉంది. మొదటిసారి ఎగిరినప్పుడు విమానాశ్రయం పైననే, ఇంజను ఆగినా రన్‌వేకు జారి రాగల ఎత్తులో చుట్లు కొడతారు. దిగగానే కవరు తీసి, ఎక్కడైనా నూనె చెమర్చిందా అని గుడ్డతో తుడిచి చూస్తారు.