చల్లబడిన నీటిలో చేప జాడ

హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన మావంటి తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ అఖాతం గంట ప్రయాణపు దూరంలో ఉంటుంది. వేసవిలో గాలం పట్టుకొని ఆ తీరానికి వెళ్ళేవారికి కొదవలేదు. శీతకాలం రాగానే చాలామంది గాలపు కర్రలను అటకెక్కిస్తారు. చలికి చేపలు ఎక్కడికో వెళ్ళిపోతాయని వారి నమ్మకం. మేము కూడా కొన్నేళ్ళు అలాగే అనుకున్నాము. చేప ఎక్కడికీ పోదనీ, తావు మాత్రమే మారుస్తుందనీ తర్వాత నెమ్మదిగా తెలుసుకున్నాము.

ఈ తీరంలో శీతకాలపు వేటకు ముఖ్యమైనవి రెండు: ఒంటిమీద నల్లని చుక్కలుండే స్పెకిల్డ్ ట్రౌట్, తోక మొదట నల్లని మచ్చ ఉండే రెడ్‌ఫిష్. ఈ రెండూ మన కోస్తాలో దొరికే క్రోకర్ చేపల కుటుంబానికి చెందినవే. ఇక్కడి ఫ్లౌండర్ మాత్రం శరత్కాలంలోనే గుడ్లు పెట్టడానికి అఖాతం వదిలి సముద్రంలోకి సాగిపోతుంది. ఆ వలసను కాపాడేందుకే ఏటా నవంబర్ 1 నుండి డిసెంబర్ 14 వరకు దాని వేటను నిషేధించారు.

చేప శరీరానికి తనదంటూ వెచ్చదనం లేదు. నీరు చల్లబడితే దాని రక్తమూ చల్లబడుతుంది, జీర్ణశక్తి మందగిస్తుంది, కదలిక తగ్గుతుంది. అందువల్ల అది వెతికేది కాస్త వెచ్చని తావునే. టెక్సాస్ అఖాతాలు లోతు లేనివి. ఉత్తరపు గాలి వీచినప్పుడు పలుచని నీరు ఒక్క రాత్రిలోనే చల్లబడిపోతుంది. లోతైన పాయల్లోని నీరు మాత్రం అంత త్వరగా చల్లబడదు. పైగా ఆ గాలి అఖాతంలోని నీటిని సముద్రంవైపు నెట్టివేయడం వల్ల మట్టం పడిపోయి, చేపలు పాయల్లోకీ, మడుగుల్లోకీ దిగక తప్పదు.

గాలి తగ్గి రెండు మూడు రోజులు ఎండ కాసిన తర్వాత దృశ్యం మారుతుంది. నల్లని బురద నేల ఎండ వేడిని పీల్చుకొని పైనున్న నీటిని వెచ్చబరుస్తుంది. ఆ బురదలో అక్కడక్కడ ఆల్చిప్పల గుట్టలుండి, పక్కనే లోతైన పాయ ఉంటే అంతకుమించిన చోటు లేదు. చేప పాయ నుండి పైకి వచ్చి మేస్తుంది, చలి పెరిగితే తిరిగి దిగిపోతుంది. అందుకే శీతకాలంలో తెల్లవారుజాముకంటే మధ్యాహ్నమే మేలు. నీటిపై ఒక్క మల్లెట్ చేప ఎగిరినా మేము అక్కడ ఆగుతాము. ఎర ఉన్నచోటికే వేటాడే చేప వస్తుంది.

ఇక గాలం వేసే తీరు. చలిలో చేప ఎర వెంట పరుగెత్తదు. కృత్రిమ ఎరను నేలకు దగ్గరగా, వీలైనంత నెమ్మదిగా లాగాలి, మధ్యమధ్య ఆపాలి. తీగను ఝాడించి లాగే పట్టు ఈ కాలంలో అరుదు. గాలానికి తడిబట్ట తగిలినంత బరువు తెలిస్తే చాలు, అదే చేప. రెడ్‌ఫిష్‌కైతే కోసిన మల్లెట్ ముక్కను నేలమీద కదలకుండా ఉంచితే వాసన పట్టి అదే వస్తుంది.

నీటిలో దిగి నిలబడి వేటాడేవారు మరొకటి మరువరాదు. చన్నీరు గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నడుము పైదాకా వచ్చే రబ్బరు దుస్తులకు బెల్టు బిగించుకోవాలి, లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి, ఒంటరిగా దిగరాదు. వణుకు మొదలైతే ఎంత మంచి వేళ అయినా గట్టెక్కాలి.

ఒక జనవరిలో మా ఇంటికి మామూజాన్ వస్తున్నారు. ఆయనకు తాజా చేపల పులుసు పెట్టాలని మా ఆశ. ఆ వారమే ఉత్తరపు గాలి విరుచుకుపడింది. మా చిన్నమ్మాయి అడిగింది: "అబ్బా, చలికి చేపలన్నీ ఒకేచోట చేరతాయన్నారు కదా! ఇప్పుడే వెళితే బోలెడు దొరుకుతాయి కదా?"

ప్రశ్న సరైనదే, సమాధానమే కష్టమైనది. నీరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే ట్రౌట్ ప్రాణానికే ముప్పు. 2021 ఫిబ్రవరి మహాశీతలంలో టెక్సాస్ తీరాన కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయని ఆ రాష్ట్ర పార్కులు, వన్యప్రాణుల శాఖ అంచనా వేసింది. గాలపు వేటగాళ్ళు కోరే చేపల్లో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది ట్రౌటే. ఆపైన రోజుకు ఒక మనిషి పట్టదగిన ట్రౌట్ సంఖ్యను 2024లో తీరమంతటా మూడుకు పరిమితం చేశారు. గడ్డకట్టే చలిలో చేపలు తలదాచుకొనే లోతైన తావులను తాత్కాలికంగా మూసివేసే అధికారం కూడా ఆ శాఖకు ఉంది. 2024 జనవరిలో అలాగే చేశారు. అక్కడ గుమికూడినవి మేతకోసం వచ్చినవి కావు, ప్రాణం దక్కించుకోవడానికి వచ్చినవి. వేసవికి గుడ్లు పెట్టవలసిన పెద్ద చేపలూ వాటిలోనే ఉంటాయి.

అమ్మాయికి మేము ఇంతే చెప్పాము: "బేటీ, పారిపోలేని దానిని పట్టడం వేట కాదు." ఆ వారం వెళ్ళలేదు. మామూజాన్‌కు బజారు చేపే వండాము. ఆయన సంగతి విని నవ్వి, ఆ పులుసునే ఇష్టంగా తిన్నారు.

తొమ్మిది రోజుల తర్వాత ఎండ నిలకడగా కాసింది. ఆయనతో కలిసి బురద ఒడ్డుకు వెళ్ళాము. మధ్యాహ్నం దాకా ఏమీ తగలలేదు. ఆపైన మామూజాన్ గాలానికి తడిబట్ట బరువు తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికి తెచ్చినవి రెండు ట్రౌట్లు. మూడవది కొలతకు చిన్నది. అమ్మాయి చేతులు తడుపుకొని దానిని మెల్లగా నీటిలో పట్టుకుంది. మొప్పలు కదిలేదాకా ఆగి, వదిలేసింది.