దారి చూపే యంత్రం: దాని గుణదోషాలు

తెలియని చోట దారి తెలుసుకొనుట మానవునికి అనాదిగా ఉన్న సమస్య. ఎడారిలో బాటసారికి, సముద్రంలో నావికునికి నక్షత్రాలే మార్గదర్శకాలు. పదకొండవ శతాబ్దంలో అల్ బిరూనీ మహాశయుడు గజనీ నగరం నుండి ఖిబ్లా దిశను నిర్ణయించుటకై ఊళ్ల అక్షాంశ రేఖాంశాలను గణించి ఒక గ్రంథమే రచించాడు. ఒక స్థలం భూమిమీద ఎక్కడ ఉన్నదో తెలుసుకొనుటకు నాటి పండితులు పడిన శ్రమను నేడు అరచేతిలో ఇమిడే యంత్రం క్షణాలలో తీరుస్తున్నది. కారు ముందు అద్దానికి తగిలించుకొనే ఈ పరికరాన్నే నావిగేటర్ అంటారు. దీనివలన మేలెంత, కీడెంత అన్నది విద్యార్థులు ఆలోచించదగిన విషయం.

ముందుగా ఇది పనిచేసే తీరును గ్రహించవలెను. అమెరికా రక్షణశాఖ 1978లో జి.పి.ఎస్. తొలి ఉపగ్రహాన్ని ప్రయోగించి, 1995 నాటికి ఆ వ్యవస్థను పూర్తిచేసింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఈ ఉపగ్రహాలలో అణుగడియారాలు ఉన్నవి. అవి పంపే సంకేతం ఎంత ఆలస్యంగా చేరినదో లెక్కించి, యంత్రం ఒక్కొక్క ఉపగ్రహానికి గల దూరాన్ని కనుగొంటుంది. మూడు దూరాలు తెలిస్తే స్థానం తెలుస్తుంది. కాని యంత్రంలోని గడియారం అంత నిక్కమైనది కాదు గనుక నాలుగవ ఉపగ్రహం కూడ అవసరం. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఉపగ్రహ గడియారం రోజుకు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతుంది. దానిని సవరించకున్నచో ఒక్క దినంలోనే దాదాపు 10 కిలోమీటర్ల పొరపాటు ఏర్పడుతుంది.

ఇక్కడ ఒక భేదం గమనించవలెను. స్థానం ఆకాశం నుండి తెలుస్తుంది. పటం మాత్రం మనుష్యులు తయారుచేసినదే. ఈ యంత్రపు గుణదోషాలలో అధికభాగం ఈ భేదం నుండే పుట్టినవి.

గుణాలను చూతము. సామాన్య ప్రజలకు అందే సంకేతాలలో అమెరికా ఉద్దేశపూర్వకంగా ఉంచిన లోపాన్ని 2000 మే నెలలో తొలగించగా, స్థాన నిర్ణయం కొద్ది మీటర్ల వరకు నిక్కమైనది. 2004లో టామ్‌టామ్ సంస్థ ‘గో’ అనే పరికరాన్ని విడుదల చేసింది. పటం యంత్రంలోనే నిక్షిప్తమై ఉండుటచేత ఫోను సంకేతం అందని అడవులలో, ఘాట్ రోడ్లలో సైతం ఇది పనిచేస్తుంది. ఉపగ్రహ సంకేతానికి రుసుము లేదు. మలుపు రాకముందే మాటలతో హెచ్చరించుటచేత కాగితపు పటం విప్పి చూడవలసిన అవసరం తప్పుతుంది. ఊరికి కొత్తవారికి, రోగిని తరలించే అంబులెన్సు చోదకునికి ఇది గొప్ప ఆసరా. 2009 తరువాత మొబైలు ఫోన్లలోనే ఈ సదుపాయం ఉచితంగా లభించుటచేత ప్రత్యేక పరికరాల గిరాకీ తగ్గినది.

దోషాలు కూడ స్వల్పమైనవి కావు. సొరంగాలలో, ఎత్తైన భవనాల నడుమ సంకేతం సరిగా అందదు. పటాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దకున్నచో కొత్త వంతెన కనబడదు, మూసిన బాట తెరచినట్లే కనబడుతుంది. చార్మినారు పరిసరాల ఇరుకు గల్లీలలో దగ్గరి దారి ఏదో యంత్రానికి తెలియవచ్చును గాని, అందులో కారు పట్టునో లేదో అక్కడి దుకాణదారునికే బాగుగా తెలియును. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వద్ద, కొంతభాగం వరదలో కొట్టుకొనిపోయిన వంతెనపై నుండి కారు పడి ముగ్గురు మరణించారు. వారు ఫోనులోని పటాన్ని అనుసరించినట్లు పత్రికలు వ్రాసినవి. అడ్డుకట్ట, హెచ్చరిక పలక ఏర్పాటు చేయని వారి బాధ్యత తక్కువ కాదు. అయినను, తెరను నమ్మి రోడ్డును మరచుట ఎంత ప్రమాదమో ఈ ఘటన తెలుపుతున్నది.

మరియొక చింత గలదు. లండను టాక్సీ చోదకులు వేలాది వీధులను కంఠస్థం చేసి పరీక్షలో నెగ్గవలెను. వారి మెదడులో స్థలజ్ఞానానికి సంబంధించిన ఒక భాగం ఇతరులకంటె పెద్దదిగా ఉన్నదని 2000లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దారిని మనసులో నిలుపుకొనే అభ్యాసాన్ని పూర్తిగా యంత్రానికి అప్పగించుట మేలా అన్నది ఆలోచించవలసి ఉన్నది. పరుల ఉపగ్రహాలపైనే ఆధారపడరాదని మన దేశం కూడ 2013లో శ్రీహరికోట నుండి తన తొలి మార్గదర్శక ఉపగ్రహాన్ని ప్రయోగించింది. దేశానికి తగిన ఈ స్వావలంబన వ్యక్తికి కూడ తగినదే.

కావున బండి కదలకముందే గమ్యం నిర్దేశించి, దారిని ఒకసారి పటంలో చూచుకొనుట మంచిది. సందేహం కలిగినచో బండి ఆపి, ఎదుట ఉన్న మనిషిని అడుగుటకు సిగ్గుపడరాదు. దారి చూపుట యంత్రం పని. కన్నులు తెరచి నడచుట మన పని.