బస్సు ఎప్పుడు గాలిని కాపాడుతుంది?

పిల్లలూ! తెల్లవారుజామున విశాఖ జాలరిపేట ఎప్పుడైనా చూశారా? పడవలు ఒడ్డు చేరగానే ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని వూళ్ళోకి బయలుదేరతారు. చేప చెడకముందే అమ్ముడుపోవాలి. ఆటో ఎక్కితే కిరాయి లాభంలోంచే పోతుంది. నడిస్తే పొద్దెక్కిపోతుంది. ఆ యిళ్ళలో బస్సు చార్జీ చిన్న సంగతి కాదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్త్రీ శక్తి' పథకం ప్రారంభించింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో రాష్ట్రంలోని ఆడవారికి సున్నా టికెట్టు యిస్తారు. తెలంగాణలో యిటువంటి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. సున్నా టికెట్టంటే ఖర్చు లేదని కాదు సుమా! డీజిలు, టైర్లు, డ్రైవరు జీతం ఎక్కడికీ పోవు. ఆ సొమ్ము ఆర్.టి.సి.కి ప్రభుత్వమే యివ్వాలి. అంటే మన పన్నుల సొమ్మే. కనుక దాని ఫలమేమిటో అడగవలసిందే. గాలికి కలిగే మేలును మనమే లెక్కకట్టవచ్చు. పెన్సిలు తీయండి!

లెక్క చూద్దాం

లీటరు డీజిలు మండితే సుమారు 2.68 కిలోలు, లీటరు పెట్రోలు మండితే సుమారు 2.31 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు, స్కూటరు 50 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాం. 10 కిలోమీటర్ల ప్రయాణానికి బస్సు 6.7 కిలోలు, స్కూటరు 0.46 కిలో వదులుతాయి.

"అయితే స్కూటరే మేలు కదా మాస్టారూ!" అంటారేమో. తొందరపడకండి. బస్సులో 40 మంది వుంటే తలకు 168 గ్రాములే! అదే అయిదుగురే వుంటే తలకు 1.34 కిలోలు. ఒక్కడే వెళ్ళే స్కూటరును ఓడించాలంటే బస్సులో కనీసం 15 మంది వుండాలన్నమాట. గాలిని కాపాడేది బస్సు కాదు, నిండిన బస్సు.

విశాఖకు చుట్టూ కొండలు. ఆ అడ్డువల్ల పొగ త్వరగా చెదిరిపోదు. కాబట్టి యీ లెక్క మన వూపిరితిత్తులకూ సంబంధించినదే. కరెంటు బస్సు వీధిలో పొగ వదలదు. కాని ఆ కరెంటు పరవాడలోని సింహాద్రి కేంద్రంలో బొగ్గు మండించి తీసినదైతే పొగ అక్కడ వస్తుందని మరువరాదు.

ఒక మెలిక

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 2013 నుంచి నగరవాసులకు ఉచిత ప్రయాణం కల్పించారు. పరిశోధకులు పరిశీలిస్తే, కొత్తగా బస్సెక్కినవారిలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్ళేవారే! కార్లు ఆశించినంతగా తగ్గలేదు. నడిచేవారు బస్సెక్కితే పొగ తగ్గదు. స్కూటరు, కారు దిగివచ్చి ఎక్కితేనే తగ్గుతుంది. అందుకు టికెట్టు ఉచితమైతే చాలదు. బస్సు వేళకు రావాలి, నిలబడడానికైనా చోటుండాలి. వాటికీ డబ్బు కావాలి.

మరి యిన్నాళ్ళూ గంపతో నడిచిన అమ్మ బస్సెక్కితే ఆ డబ్బు దండగేనా? కానే కాదు. ఆమెకు రెండు గంటలు మిగిలాయి, మెడనొప్పి తగ్గింది, చేప తాజాగా అమ్ముడుపోయింది. అది కూడా ఫలమే. కాని దానిని పొగ ఖాతాలో రాయకూడదు, వేరే ఖాతాలో రాయాలి. రెండు ఖాతాలూ చూసినవాడే సరిగా తూచినవాడు.

మీరూ చేయండి

ఒక ఆదివారం మీ బస్‌స్టాపులో నిలబడి పది బస్సులలో ఎందరున్నారో లెక్కపెట్టండి. దిగినవారిని మర్యాదగా అడగండి: "అమ్మా, బస్సు లేకపోతే ఎలా వచ్చేవారు?" జవాబులు పట్టికలో రాయండి. పథకం విలువ ఆ పట్టికే మీకు చెబుతుంది.