గుండె లయ తప్పితే ఏం చేయాలి?

మన గుండె మన పిడికిలంత ఉంటుంది. రాత్రీ పగలూ కొట్టుకుంటూనే ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది.

గుండెలో నాలుగు తలుపులు ఉంటాయి. వీటిని కవాటాలు అంటారు. డాక్టర్లు వాల్వులు అంటారు. ఇవి రక్తాన్ని ముందుకే పోనిస్తాయి. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ళవాపు జ్వరం వచ్చిన కొందరిలో ఇవి చెడిపోతాయి. అప్పుడు ఆపరేషన్ చేసి బాగుచేస్తారు. లేదా కొత్త వాల్వు వేస్తారు.

ఆపరేషన్ తర్వాత దడ ఎందుకు?

వాల్వు చెడితే గుండె పై గది సాగిపోతుంది. ఆపరేషన్ వల్ల గుండెకు కొంత వాపు వస్తుంది. అందుకే మొదటి వారంలో చాలామందికి గుండె లయ తప్పుతుంది. ఇద్దరు కలిసి దంచేటప్పుడు రోకటి పోటు వరస తప్పినట్టు ఉంటుంది. కొందరికి నెలల తర్వాత కూడా వస్తుంది.

దీనికి వైద్యం ఉంది. ఇ.సి.జి. తీసి చూస్తారు. వేగం తగ్గించే మాత్రలు ఇస్తారు. అవసరమైతే మత్తు ఇచ్చి, చిన్న కరెంటు షాకుతో లయ సరిచేస్తారు. గుండె మరీ నెమ్మదిస్తే పేస్‌మేకర్ అనే చిన్న యంత్రం పెడతారు.

అసలు ప్రమాదం ఏమిటి?

లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. అందుకే రక్తం గడ్డకట్టకుండా మాత్ర ఇస్తారు. లోహపు వాల్వు వేసినవారు దీన్ని జీవితాంతం వాడాలి. మోతాదు తగ్గితే గడ్డ కడుతుంది. ఎక్కువైతే రక్తస్రావం అవుతుంది. సరిపోయిందో లేదో ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చెబుతుంది.

“ఒళ్ళు బాగానే ఉంది కదా, ఇక మాత్రలెందుకు?” అని మానకండి. కూలి పోతుందని పరీక్ష మానకండి. నొప్పి మాత్రలు సొంతంగా వాడకండి. ఆకుకూరలు ఒకేసారి పెంచకండి, మానకండి. ఈ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. నెల తప్పితే వెంటనే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం మాత్ర ఆపకండి.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి.

అక్కా, చెల్లీ! ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి, నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. తేదీ వేసి పుస్తకంలో రాయండి. పక్కనే ఐ.ఎన్.ఆర్. అంకె రాయండి. మందుల చీటీలో ఉన్న మి.గ్రా. అంకె, మాత్రల అట్టమీది అంకె ఒకటేనా? చదివి చూసుకున్నాకే మాత్ర వేసుకోండి.