‘శుభం’ పడ్డాక హత్య

మన సినిమాల్లో మూడు ముళ్ళూ పడగానే తెర మీద ‘శుభం’ అని వస్తుంది. జనం చెప్పులు వెతుక్కుంటూ లేస్తారు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఎలా కాపురం చేశారో, అత్తగారితో పడిందో లేదో ఎవరికీ అక్కర్లేదు. జేన్ ఆస్టెన్ 1813లో అచ్చువేయించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కూడా సరిగ్గా అక్కడే ఆగుతుంది. పెళ్ళికెదిగిన ఐదుగురు ఆడపిల్లలు, సంబంధాల కోసం తల్లి ఆరాటం, పుస్తకాల్లో తల దాచుకునే తండ్రి. పేర్లు మారిస్తే తెనాలిలో జరిగిన కథ అన్నా నమ్ముతాం. అందులోని డార్సీ మన యద్దనపూడి సులోచనారాణి గారి హీరోలకు దూరపు చుట్టమని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. అదే పొగరు, అదే ఆస్తి, లోపల అదే వెన్న.

ఈ కథను పెళ్ళి తర్వాత కొనసాగించిన వాళ్ళు చాలామంది ఉన్నారు. చిత్రం ఏమిటంటే, వాళ్ళలో కొందరు ఆ కాపురంలోకి శవాన్ని తెచ్చి పడేశారు. అమెరికా రచయిత్రి క్యారీ బెబ్రిస్ 2004 నుంచి 2015 దాకా ఏడు నవలలు రాసింది. వాటిలో డార్సీ దంపతులే డిటెక్టివులు. క్లాడియా గ్రే 2022లో మొదలుపెట్టిన వరుసలో డార్సీ గారబ్బాయి, ఆస్టెన్ మరో నవలలోని దంపతుల కూతురు కలిసి హంతకుల్ని వెతుకుతారు. కాలక్షేపానికి బాగానే ఉంటాయి. నన్ను పట్టుకున్నది మాత్రం పి.డి. జేమ్స్ 91 ఏళ్ళ వయసులో, 2011లో ప్రచురించిన ‘డెత్ కమ్స్ టు పెంబర్లీ’.

కథాకాలం 1803 అక్టోబరు. పెళ్ళై ఆరేళ్ళు, ఇద్దరు కొడుకులు. మర్నాడు ఇంట్లో పెద్ద విందు. గాలివానలో ఒక బండి దూసుకొచ్చి గుమ్మంలో ఆగుతుంది. అందులోంచి ఎలిజబెత్ చెల్లెలు లిడియా, తన మొగుణ్ణి చంపేశారని కేకలు వేస్తూ దిగుతుంది. అడవిలోకి వెళ్ళి చూస్తే ఆ మొగుడు విక్‌హామ్ బతికే ఉన్నాడు. పక్కన స్నేహితుడి శవం, విక్‌హామ్ ఒంటి నిండా రక్తం, తప్పు నాదేనని ఏడుపు. హంతకుడెవరో నేను చెప్పను. చెబితే మా ఆవిడ ఊరుకోదు, ఆవిడ ఇంకా చివరి ప్రకరణంలో ఉంది.

డాక్టరుగా నాకు ఆ కాలపు పరిశోధన చదువుతుంటే జాలి వేసింది. పోలీసు శాఖ లేదు, ఊళ్ళో భూస్వామే మేజిస్ట్రేటు. చొక్కా మీది రక్తం ఎవరిదో చెప్పే దారి లేదు. లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపుల్ని కనిపెట్టింది 1901 నాటికి కదా! నేరం రుజువైతే ఉరి. కొన్ని నేరాలకు ఉరి తప్పితే ఓడెక్కించి మనం ఉంటున్న ఈ దేశానికి పంపడం.

ఈ చివరి ముక్క ఆస్టెన్ ఇంటి దాకా వచ్చింది. 1799లో బాత్ నగరంలో ఆమె మేనమామ భార్య జేన్ లీ-పెరాట్ మీద ఒక దుకాణంలో 20 షిల్లింగుల లేసు దొంగిలించిందని కేసు పెట్టారు. రుజువైతే ఉరిశిక్షైనా పడచ్చు, పధ్నాలుగేళ్ళు బోటనీ బే ప్రవాసమైనా పడచ్చు. విచారణ జరిగేదాకా నెలల తరబడి ఆవిడను జైలరు ఇంట్లో ఉంచితే, భర్త కూడా వెళ్ళి అక్కడే ఉన్నాడు. 1800 మార్చిలో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. లేకపోతే వీసా గొడవ లేకుండా వచ్చిన మన పూర్వ ప్రవాసుల్లో ఆవిడా ఒకరయ్యేది!

మన ఆస్ట్రేలియా తరఫున ఈ వరుసలో కొలీన్ మెకల్లా ఉంది. ‘ది థార్న్ బర్డ్స్’ ఆవిడదే. మెడిసిన్‌లో చేరి, శస్త్రచికిత్సకు ముందు చేతులు కడిగే సబ్బు పడక ఆ చదువు మానుకుని, న్యూరోసైన్సులో పనిచేసిన మనిషి. 2008లో ‘ది ఇండిపెండెన్స్ ఆఫ్ మిస్ మేరీ బెనెట్’ అని రాసింది. పుస్తకాల పురుగైన చెల్లెలు మేరీ ఇందులో కథానాయిక. ఆమెను ఎత్తుకుపోవడాలు, గుహలు, చాలా హడావిడి ఉంది. ఇందులో డార్సీ, ఎలిజబెత్‌లు ఒకరికొకరు చల్లబడిపోయిన దంపతులు. ఆస్టెన్ భక్తులకు కోపం వచ్చింది. నాకూ ఆ గుహలు రుచించలేదు కానీ, ఆ చల్లదనం రాయడానికి ధైర్యం కావాలి.

జేమ్స్ ఆ ధైర్యాన్ని మరోలా చూపింది. ఆవిడ భర్త కూడా డాక్టరే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగి వచ్చాడు. ఇద్దరు కూతుళ్ళను పెంచుతూ ఆవిడ ఆసుపత్రి ఆఫీసులో ఉద్యోగం చేసింది. ‘శుభం’ తర్వాత ఏముంటుందో తెలిసిన మనిషి. ఆ నవలలో ఒకచోట ఎలిజబెత్ తనను తానే అడుగుతుంది: డార్సీ డబ్బులేని పాదిరీ అయ్యుంటే నేను పెళ్ళాడేదాన్నా అని.

పుస్తకం మూసి మా ఆవిడను అదే ప్రశ్న అడిగాను. “డాక్టరు సంబంధం అనే కదండీ మా నాన్న మీ ఊరు వచ్చారు, ఇప్పుడు అబద్ధమెందుకు?” అంది కూరగాయలు తరుగుతూ. కాసేపయ్యాక తనే, “ఇక్కడికొచ్చి పరీక్షలు పాసయ్యేదాకా రెండేళ్ళు మీరు డాక్టరు కారుగా. నేను ఎక్కడికైనా వెళ్ళానా?” అంది. నేను తిరగమోత చూసే మిషతో అటు తిరిగాను.

పట్టాభిషేకం తర్వాతి కథ మనకూ ఉంది. తిక్కన గారు, కంకంటి పాపరాజు గారు ఉత్తర రామాయణాన్ని తెలుగు చేశారు. 1963 ‘లవకుశ’ చూసి ఏడవని ఇల్లు లేదు. అక్కడ వచ్చిపడింది హత్య కాదు, నింద. ఆ నింద ఆలుమగల్ని విడదీసింది. ఈ ఇంగ్లీషు కథల్లో నింద వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పక్కన నిలబడతారు. నాకు అందుకే నచ్చాయి. పెద్దలు కోప్పడినా సరే.

హత్యకేసు కావాలంటే ‘కన్యాశుల్కం’లోనే ఉంది. 1897లో మొదట అచ్చై, 1909లో గురజాడ వారు పెంచి రాసిన నాటకంలో పెళ్ళికూతురు మాయమవుతుంది, లుబ్ధావధాన్లు మీద ఖూనీ నేరం పడుతుంది. శవం లేదు. అసలు ఆడపిల్లే లేదు, ఆడవేషం కట్టిన కుర్రాడు! నిజం తెలిసి, తెలివిగా వకీలు సౌజన్యారావు పంతుల దగ్గర బయటపెట్టేది మధురవాణి. ఇంతకన్నా డిటెక్టివు ఎవరు కావాలి? ఆవిడను పెట్టి విశాఖపట్నంలో అలాంటి కేసులు పది రాయవచ్చు. కోర్టు ఉంది, పోలీసులున్నారు, దయ్యాల్ని సీసాలో బిగించే పూజారి గవరయ్య కూడా ఉన్నాడు.

మా అమ్మాయికి తెలుగు మాటలు వచ్చు, చదవడం రాదు. వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం 2007 నుంచీ ఉంది కానీ, కారులో నేనే చెబుతున్నాను, యాస మార్చి మరీ. పోయిన ఆదివారం పెళ్ళికూతురు కనపడకుండా పోయేదాకా వచ్చాం. “ముసలాయన చంపలేదు కదా నాన్నా?” అంది. వచ్చే ఆదివారం చెబుతానన్నాను.